బండారు అచ్చమాంబను మన నల్లగొండ జిల్లాలో ఏమని చెప్పుకోవాలి?

దేవరకొండ పాఠకురాలు:
మొన్న మహిళా దినోత్సవానికి మా బడి గోడకు కట్టిన ఫ్లెక్సీలో సావిత్రీబాయి ఫులే బొమ్మ పక్కన బండారు అచ్చమాంబ (1874–1905) బొమ్మ వేసి, కింద ‘తొలి తెలుగు కథా రచయిత్రి, కొమర్రాజు లక్ష్మణరావు గారి అక్క’ అని రాయించారు. ఏడో తరగతి పిల్ల ఒకతె, ‘అక్క కావడం కూడా గొప్పేనా టీచర్?’ అని అడిగింది. ఆ రెండు బిరుదులూ ఆమె అసలు పనిని కప్పేస్తున్నాయని నాకు అనిపిస్తున్నది.

పాలమూరు కథాభిమాని:
మేడమ్ గారూ, అక్క సంగతిలో మీ అభ్యంతరం సబబే కానీ, తొలి కథ విషయంలో ఒప్పుకోలేను. 1910లో వచ్చిన గురజాడ ‘దిద్దుబాటు’నే తొలి కథగా పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్న వాళ్లం మనం. అచ్చమాంబ కథ ‘ధనత్రయోదశి’ 1902లోనే ‘హిందూ సుందరి’ పత్రికలో అచ్చయిందని కొందరు పట్టుబట్టి నిరూపించకపోతే ఆ ఫ్లెక్సీ మీద ఆమె బొమ్మే ఉండేది కాదు.

దేవరకొండ పాఠకురాలు:
వారి శ్రమను నేను తక్కువ చేయడం లేదు. అయితే ‘ధనత్రయోదశి’ కథను ఒకసారి దగ్గరగా చూడండి. పండుగ ముందు చేతిలో పైసా లేని గుమాస్తా సేటు డబ్బు కాజేసి ఇంటికి తెస్తే, భార్య విజయలక్ష్మి సంతోషపడక, తిరిగి ఇచ్చి రమ్మంటుంది. ‘దిద్దుబాటు’లోనూ భర్తను దారికి తెచ్చేది భార్యే. తేదీల పోటీలో పడి ఈ పోలికను ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ అచ్చమాంబ మెచ్చుకున్నది ఉత్తమ ఇల్లాలినే. ఆమె ధిక్కారం కనిపించేది ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ అనే ఆమె పుస్తకంలో. స్త్రీలు బుద్ధిహీనులనీ, చదువుకుంటే చెడిపోతారనీ అనేవారికి జవాబుగా, బడి ముఖం చూడని ఆమె, తమ్ముడి చదువు పక్కన కూర్చుని అక్షరాలు నేర్చుకున్న ఆమె, వెయ్యేళ్ల చరిత్రలోని స్త్రీల జీవితాలను వెతికి తెలుగులోకి తెచ్చింది. మూడు భాగాలు తలపెట్టి, పూర్తి కాకుండానే ముప్పై ఏళ్లకే పోయింది.

మిర్యాలగూడ వాసి:
అంతా బాగుంది కానీ ఆమె పుట్టింది పెనుగంచిప్రోలులో, కాపురం చేసింది నాగపూరు వైపు, స్త్రీల సమాజం పెట్టింది బందరులో. మన జిల్లా మనిషి ఎట్లా అవుతుంది?

దేవరకొండ పాఠకురాలు:
తండ్రి పోయాక సవతి అన్న దగ్గర దేవరకొండలో పెరిగింది, పదేళ్లకు పెళ్లయి వెళ్లిపోయింది. మన వాటా అంతే, అంతకన్నా ఎక్కువ అడగను. కొత్త ఫ్లెక్సీలో ‘స్త్రీల చరిత్రకారిణి; బాల్యంలో కొంతకాలం ఈ ఊరిలో ఉన్నారు’ అని రాయిస్తాను. ఖర్చు నాదే. తొలి కథ మాట కూడా ఉంచుతాను, పాలమూరు వారు కోప్పడకుండా, కాకపోతే రెండో వరుసలో.