అప్‌డేట్: భోగి ముందు రోజు గడిచింది

భోగి ముందు రోజు చీరల దుకాణంలో 13 గంటలు నిలబడి ఎలా నెట్టుకురావాలని అడిగాను కదా. నెట్టుకొచ్చాను. మీరు చెప్పినట్టే ఒక సైజు పెద్ద చెప్పులు వేసుకున్నాను. సాయంత్రానికి అవీ బిగుసుకున్నాయి. క్యారేజీ తెరిచేసరికి మూడున్నర, నాలుగు ముద్దలకే పిలుపు. ఒకావిడ 40 చీరలు విప్పించి, మొదట చూసిన ఆకుపచ్చ గద్వాల చీరే తీసుకున్నారు. మడతలు మాత్రం రాత్రి 11 దాకా నా వంతు!

కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో దుకాణాల ఉద్యోగులకు కూర్చునే హక్కు చట్టంలోకి వచ్చిందని మీలో ఒకరు రాశారు. ఆ మాటే మేనేజరుకు చెప్పాను. నవ్వి ఊరుకున్నారు. భోగి నాడు కౌంటరు వెనక రెండు స్టూళ్లు కనిపించాయి. ప్రస్తుతం వాటి మీద అట్టపెట్టెలు కూర్చున్నాయి.