ఖాదీ ప్రదర్శనలో పరిచయాలు పెంచుకోవడం ఎలా?

ప్రశ్న (పొందూరు): మేము ఖాదీ చీరలు, పంచెలు అమ్ముతాం. వచ్చే నెల విశాఖలో ప్రదర్శనకు వెళ్తున్నాను. కొనుగోలుదారులతో మాట కలపడం ఎలా? కార్డులు పంచితే చాలా?

పలాస జీడిపప్పు వ్యాపారి: అమ్మా, కార్డులు పంచడం మీద నాకు నమ్మకం లేదు. సాయంత్రానికి అవి కుర్చీల కింద కనిపిస్తాయి. వాలుగ చేప దవడతో పత్తి ఏకి, 100 నంబరు నూలు, అంటే చాలా సన్నటి దారం, వడికే ఊరు మీది! ఒక దవడ, కాస్త పత్తి బల్ల మీద పెట్టండి. జనం వాళ్లంతట వాళ్లే ఆగుతారు. అప్పుడు వెంటనే బేరం ఎత్తకండి. వాళ్లది ఏ ఊరు, ఏ నెలలో సరుకు తీసుకుంటారు, అది అడగండి. వాళ్లు కదలగానే వాళ్ల కార్డు వెనక రాసుకోండి. మా పెద్ద బేరాలన్నీ ఇలా కుదిరినవే.

రాజాం నుంచి: లింక్డ్‌ఇన్‌లో ఉత్త అభ్యర్థన పంపవద్దు. ‘మీరు సన్నంచు పంచె అడిగారు, ఇదిగో ఫోటో’ అని రెండు రోజుల్లోపు రాయండి. జవాబు రాకపోతే వారం ఆగి ఒక్కసారి గుర్తు చేయండి, అంతే.

పొందూరు: దవడ సంగతి నాకు తట్టనేలేదు బాబాయిగారూ! ధర అక్కడే అడిగితే?

పలాస: చెప్పేయండి. దాచితే అనుమానం పుడుతుంది. టోకు ధర మాత్రం ఎన్ని పంచెలు కావాలో తెలిశాకే చెప్పండి.