అప్‌డేట్: ఫ్రిజ్‌లో పెట్టిన లాయింగ్ సీసాలో తెల్లటి పొర, బూజు కాదు

ఫిలిప్పీన్స్‌లోని దవావోలో హాస్టల్లో ఉంటున్నాను, లాయింగ్ (చేమాకును కొబ్బరి పాలలో ఉడికించే, ఇక్కడి బికోల్ ప్రాంతం వాళ్ల కూర) సీసా తెరిచి ఫ్రిజ్‌లో పెడితే మర్నాటికి పైన తెల్లగా పొర కట్టింది, తినొచ్చా అని అడిగాను కదా. అది కొబ్బరి నూనేనట.

సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. వేడినీళ్ల చిట్కాతోనే తేలిపోయింది. చెంచాడు కూర గిన్నెలో వేసి ఆ గిన్నెను వేడినీళ్లలో ఉంచితే పొర మొత్తం కరిగి, ముదురాకుపచ్చ కూర చుట్టూ నూనె తేలింది. కాలేజీలో ఫుడ్ టెక్నాలజీ మేడం కూడా చూశారు. కొబ్బరి నూనె సుమారు 24 డిగ్రీల లోపు గడ్డకడుతుంది, బూజైతే నూగుగా ఉంటుంది, వేడికి ఇలా కరగదు అన్నారు. ఉప్పు తక్కువై పాడైందేమో అని కొందరన్నారు, దానికీ ఈ పొరకీ సంబంధం లేదు.

ఒక్కటి మాత్రం ఆవిడ గట్టిగా చెప్పారు: మూత ఉబ్బినా, తెరవగానే బుస్సుమన్నా రుచి కూడా చూడకుండా పారేయాలి.

ఇప్పుడు డ్యూటీ ఆలస్యమైన రోజు అన్నం ఒక్కటి పెట్టుకుంటే చాలు. నూనెలో వేసిన టుయో (ఉప్పు పట్టించిన ఎండు చేప) సీసా కూడా తెచ్చాను. రూమ్మేట్‌కి అదే ఇష్టం. నాకు లాయింగే నయం, కాస్త కారమైనా ఉంటుంది.