చెరువు నీళ్లకి నీలం, పీసీఆర్ శాంపిల్‌కి ఎరుపు: గోల్డ్ నానో టెస్టులో తప్పెక్కడ?

కావలి_ఎమ్మెస్సీ:
రొయ్యల వైట్ స్పాట్ వైరస్‌ని గోల్డ్ నానో కణాల (అతి సన్నని బంగారు రేణువుల) రంగు మార్పుతో పట్టే టెస్టు మా ప్రాజెక్టు. 1 మిల్లీమోలార్ గోల్డ్ క్లోరైడ్ 100 మి.లీ. మరిగించి 38.8 మిల్లీమోలార్ సిట్రేట్ 10 మి.లీ. ఒక్కసారిగా పోశాం. ముదురు ఎరుపు వచ్చింది, కాంతి శోషణ పీక్ 520 నానోమీటర్ల దగ్గరే. తయోల్ (గోల్డ్‌కి గట్టిగా అతుక్కునే గంధకపు కొస) లేని ప్రోబ్, అంటే వైరస్ డీఎన్ఏతో జతకట్టే చిన్న డీఎన్ఏ ముక్క, కలిపి ఇందుకూరుపేట చెరువుల నీళ్లు వేస్తే రోగం లేనివాటికి కూడా నీలమే. పీసీఆర్ (డీఎన్ఏ కాపీలు పెంచే పద్ధతి) శాంపిల్ వేశాక ఉప్పు పోస్తే పాజిటివ్‌ది కూడా ఎరుపే. ఎందుకు సార్?

ల్యాబ్_బల్ల:
గోల్డ్ బాగానే ఉంది. మీరు చూసిన నీలం వైరస్‌ది కాదు, ఉప్పుది. సిట్రేట్ రుణావేశం వల్లే కణాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ విడిగా ఉంటాయి. ఉప్పు ఆ ఆవేశాన్ని కప్పేస్తే దగ్గరికొచ్చి ముద్ద కడతాయి, రంగు మారుతుంది. ఒంటిపోగు ప్రోబ్ కణానికి అంటుకుని కాపాడుతుంది. టార్గెట్‌తో (వైరస్ డీఎన్ఏతో) జతకడితే ఆ కాపుదల పోతుంది. కాబట్టి ఈ పద్ధతిలో నీలమే పాజిటివ్. చెరువు నీళ్లు 10 పీపీటీ (లీటరుకి సుమారు 10 గ్రాముల లవణాలు) ఉంటే సుమారు 130 మిల్లీమోలార్ సోడియం, పైగా మెగ్నీషియం, కాల్షియం. వాటి దెబ్బ సోడియం కంటే చాలా ఎక్కువ. చెరువు నీళ్లు నేరుగా వేయడం మానండి. రొయ్య ఈతకాళ్ల నుంచి డీఎన్ఏ తీసి డీఎన్ఏ శుద్ధి చేసే కాలమ్ మీద శుభ్రం చేయండి.

గాజు_గరిటె:
పీసీఆర్ శాంపిల్ సంగతి దీనికి తిరగబడింది. మిగిలిన ప్రైమర్లు (కాపీ మొదలుపెట్టే చిన్న డీఎన్ఏ ముక్కలు), డీఎన్‌టీపీలు (డీఎన్ఏ కట్టే ముడిసరుకు), బఫర్‌లోని డిటర్జెంటు, ఎంజైము అన్నీ గోల్డ్‌కి అంటుకుని కాపాడేస్తాయి. ఇంకో చిక్కు: పీసీఆర్ ఉత్పత్తి జంటపోగు. 95 డిగ్రీల దగ్గర 5 నిమిషాలు విడదీసి, ప్రోబ్‌తో కలిపి చల్లార్చితేనే జత కుదురుతుంది. అప్పుడు కూడా రెండు పోగులూ మళ్లీ ఒకదాన్నొకటి పట్టుకోవచ్చు. అందుకని ప్రోబ్ గుమ్మరిస్తే మిగిలిపోయింది గోల్డ్‌ని కాపాడి తప్పుడు నెగటివ్ ఇస్తుంది. ఒక ప్రైమర్ తగ్గించి, ఒక పోగే ఎక్కువగా వచ్చేలా అసమాన పీసీఆర్ చేయడం మేలు. గోల్డ్‌ని మాత్రం వేడి చేయొద్దు, గది ఉష్ణోగ్రతకి వచ్చాకే కలపండి.

కావలి_ఎమ్మెస్సీ:
ఉప్పు ఎంత పోయాలి?

ల్యాబ్_బల్ల:
పుస్తకంలో అంకె పట్టుకోవద్దు, బ్యాచ్ బ్యాచ్‌కీ మారుతుంది. 100 మైక్రోలీటర్ల గోల్డ్ చొప్పున గొట్టాల్లో తీసి, 1 మోలార్ ఉప్పునీళ్లు కొంచెం కొంచెంగా పెంచుతూ వేయండి. ఉత్త గోల్డ్ నీలమై, ప్రోబ్ ఉన్నది ఎరుపుగా నిలిచే మోతాదే మీది. శాంపిల్ బఫర్‌లోని ఉప్పూ లెక్కలోకి వస్తుంది. కంటితో కాదు, 650, 520 నానోమీటర్ల దగ్గర శోషణల నిష్పత్తి చూడండి. ప్రతిసారీ ఉప్పు వేసిన 10 నిమిషాలకే. పోల్చి చూడటానికి సంబంధం లేని డీఎన్ఏతో ఒకటి, ఆరోగ్యమైన రొయ్య నుంచి అదే పద్ధతిలో తీసిన డీఎన్ఏతో ఒకటి తప్పనిసరి.

గాజు_గరిటె:
గోల్డ్ క్లోరైడ్‌కి స్టీలు గరిటె తగలనివ్వొద్దు. వాటర్ క్యాన్ నీళ్లు వద్దు, మిల్లీ-క్యూ (ల్యాబ్‌లో బాగా శుద్ధి చేసిన) నీళ్లే వాడండి. గాజుసామాను ఆక్వా రీజియాతో (నైట్రిక్, హైడ్రోక్లోరిక్ ఆమ్లాల మిశ్రమం) కడిగేటప్పుడు పొగలు లాగే హుడ్ కింద, సీసాకి మూత బిగించకుండా. తయారైన గోల్డ్ 4 డిగ్రీల దగ్గర ఉంచండి. ఫ్రీజర్‌లో మంచులా గడ్డకడితే ముద్దయిపోతుంది, మళ్లీ విడదు.