ఎం.ఎఫ్. డూమ్ స్టేజీ మీదికి డూప్‌ని పంపడం: కళా? మోసమా?

బూమ్‌బాప్_బెజవాడ

పాత గొడవే, కానీ మన దగ్గర ఎప్పుడూ తెగలేదు. కొత్తవాళ్ల కోసం క్లుప్తంగా చెప్తాను. డూమ్ ఒక ర్యాపర్, అసలు పేరు డేనియల్ డుమిలే. 1971లో లండన్‌లో పుట్టి, చిన్నప్పుడే న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలండ్‌కి వచ్చేశాడు. కేఎండీ గ్రూపులో జెవ్ లవ్ ఎక్స్ పేరుతో, తమ్ముడు సబ్‌రాక్‌తో కలిసి ర్యాప్ చేశాడు. 1993లో కారు గుద్ది తమ్ముడు చనిపోయాడు. 1994లో రెండో ఆల్బమ్ కవర్ బొమ్మ మీద రభస జరిగితే ఎలెక్ట్రా రికార్డు కంపెనీ దాన్ని విడుదల చేయకుండానే వీళ్లను వదిలించుకుంది. మనిషి కొన్నేళ్లు జాడ లేడు. 1997-98 ప్రాంతంలో మన్‌హటన్‌లోని న్యూయోరికన్ పోయెట్స్ కెఫేలో, మొహానికి ఆడవాళ్ల మేజోడు తొడుక్కుని ఓపెన్ మైక్ ఎక్కాడు. తర్వాత లోహపు ముసుగు. 1999లో ‘ఆపరేషన్: డూమ్స్‌డే’, 2004లో బీట్లు కట్టే మ్యాడ్‌లిబ్‌తో ‘మ్యాడ్‌విలనీ’ ఆల్బమ్.

ఇక అసలు విషయం. 2007 నుంచి కొన్ని షోలకు ముసుగేసుకుని వచ్చింది డూమ్ కాదు. శాన్‌ఫ్రాన్సిస్కో షోలో మనిషి సన్నగా ఉన్నాడని, పాడకుండా పెదాలు కదుపుతున్నాడని జనం పట్టేసి గోల చేశారు. ఫ్యాన్స్ ఈ డూప్‌లకు పెట్టిన పేరు డూమ్‌బాట్స్. మార్వెల్ కామిక్స్‌లో డాక్టర్ డూమ్ అనే విలన్ తన బదులు రోబోల్ని పంపుతాడు కదా, అదే. విలన్ పాత్ర కట్టినవాడు విలన్ పనే చేశాడు. నా ఓటు కళకే.

(అన్నట్టు, తన పేరు పెద్దక్షరాల్లోనే రాయాలని పట్టుబట్టేవాడు. మన లిపిలో ఆ తంటా లేదు.)

మానిటర్‌మిక్స్

బ్రో, కామిక్స్ పక్కన పెట్టు, సౌండ్ సంగతి చూద్దాం. ర్యాప్ షోలో వెనక స్పీకర్లలో వేసే ట్రాక్ రెండు రకాలు. ఒకటి, బీటు ఒక్కటే, మహా అయితే లైను చివరి మాటల మీద డబుల్ గొంతు. రెండోది, ఆల్బమ్ మిక్స్ మొత్తం గొంతుతో సహా. మొదటి రకంలో మైకు నోటికి జానెడు దూరం జరిగిందంటే బేస్ పోయి గొంతు పలచబడుతుంది. ‘ప’, ‘బ’ దగ్గర గాలి కొట్టి స్పీకర్లో టప్పుమంటుంది. లైను మధ్యలో ఊపిరి వినపడుతుంది. రెండో రకంలో మైకు నడుం దాకా దించినా గొంతు గీత తప్పదు. డూప్ దొరికిపోయేది ఇక్కడే.

ముసుగు అడ్డమొచ్చి పాడలేకపోయాడు అనడానికీ లేదు. డూమ్ ముసుగులో నోటి దగ్గర ఖాళీయే. బీట్లు లేవు అనడానికీ లేదు. మ్యాడ్‌విలనీ ఇన్‌స్ట్రుమెంటల్స్ విడిగా వచ్చాయి. స్పెషల్ హెర్బ్స్ సిరీస్ నిండా డూమ్ సొంత బీట్లే. గొంతున్న ట్రాక్ వేయాల్సిన అవసరం సాంకేతికంగా ఎక్కడా లేదు. వచ్చినవాడికి ర్యాప్ రాదు కాబట్టి వేశారు, అంతే.

ప్రాసపిచ్చోడు

సౌండ్ మాట ఒప్పుకుంటా. కానీ ఎవరైనా ఎలా పాడతారు అవి? ‘అకార్డియన్’ తీసుకోండి, రెండు నిమిషాల లోపు పాట, కోరస్ లేదు. మొదలుపెడితే చివరిదాకా ఒకటే పరుగు. మ్యాడ్‌విలనీ మొత్తం అంతే: 22 ట్రాకులు, 46 నిమిషాలు, ఊపిరి తీసుకోవడానికి కోరస్‌లు దాదాపు ఉండవు. మామూలు ర్యాపర్ బార్ (బీటులో ఒక ఆవర్తం) చివర ఒక్క మాటకి అంత్యప్రాస కట్టి ఆగుతాడు. డూమ్ నాలుగైదు అక్షరాల గుత్తిని పట్టుకుని, బార్ గీత దాటించి, తర్వాతి లైను మధ్యలో దింపుతాడు. చెవి ఎదురుచూసే మాట దగ్గరికొచ్చి పక్కకి తప్పుకుంటాడు, నవ్వొచ్చేది అందుకే. అలాంటి లైన్లో ఒక్కచోట ఊపిరి తప్పితే వెనకాల గుత్తి మొత్తం చెదిరిపోతుంది. అందుకే హైప్‌మ్యాన్, అంటే తోడు గొంతు కలిపేవాడు, పక్కనుండి లైను తోకలు అందుకోవాలి. ఈ పాటలు స్టేజీ కోసం కట్టినవే కావు.

ఇంకోటి. డూప్ అంటే మనకంత కోపం ఎందుకు? తెర మీద ఎన్టీఆర్, గొంతు ఘంటసాలది. ఎవరైనా టికెట్ డబ్బులు వెనక్కి అడిగారా?

మానిటర్‌మిక్స్

టైటిల్స్‌లో ఘంటసాల పేరు వేశారు గురువుగారూ. 2007 పోస్టర్ మీద డూప్ పేరు వేశారా?

లాంగ్‌బీచ్_లచ్చన్న

ఇమ్మిగ్రేషన్ సంగతి ఎవరూ ఎత్తలేదే. ఆయనకు అమెరికా పౌరసత్వం లేదు. యూరప్ టూర్‌కి వెళ్లొస్తుంటే లోపలికి రానివ్వలేదు. పెళ్లాం పిల్లలు అక్కడ, ఈయన ఇంగ్లండ్‌లో. రాలేనివాడు మనిషిని పంపాడు, తప్పేముంది?

మానిటర్‌మిక్స్

లచ్చన్నా, తేదీలు కలవవు. రానివ్వకపోవడం 2010లో. డూప్‌లు మొదలైంది 2007లో, అప్పటికి ఆయన అమెరికాలోనే ఉన్నాడు. 2010 తర్వాత సంగతి వేరు, అక్కడ జాలి పడతాను. 2020 అక్టోబర్ 31న లీడ్స్‌లో పోయాడు, లోకానికి తెలిసింది డిసెంబర్ 31న. కానీ ఆ బాధని వెనక్కి లాక్కొచ్చి 2007కి అతికించకు.

బూమ్‌బాప్_బెజవాడ

సాకు ఆయనే చెప్పలేదు కదా! 2009లో న్యూయార్కర్ పత్రికతో మాట్లాడుతూ, రాసేదీ నేనే, దర్శకత్వమూ నాదే, పాత్రలో ఎవర్ని పెట్టాలో నా ఇష్టం అన్న ధోరణిలో చెప్పాడు. క్షమాపణ లేదు. అదే సంవత్సరం ‘బార్న్ లైక్ దిస్’ వచ్చింది, అమ్ముడైంది. మొహం చూడొద్దు, గొంతు వినండి అన్నది ముసుగు పెట్టిన రోజు నుంచీ ఆయన మాటే. మొహం మారితే మీకెందుకు నొప్పి?

క్రేట్‌డిగ్గర్

ఇన్నాళ్లూ ఈ వాదన వింటూ ఊరుకున్నాను. ఇది డూమ్‌ని కాపాడదు, ముంచుతుంది.

మొహం వద్దు, గొంతే ముఖ్యం అన్నాడు, సరే. మరి డూప్ షోలో లేనిదేమిటి? గొంతే! మొహం ఉంది, ముసుగుంది, పొట్ట మాత్రం కాస్త తక్కువ. ఆయన ఏది చూడొద్దన్నాడో అదొక్కటే పంపించి, ఏది వినమన్నాడో దాన్ని సీడీలోంచి వినిపించాడు. సిద్ధాంతం తలకిందులైపోలేదూ?

గొంతు విషయంలో ఆయనెంత పట్టుదల మనిషో చూడండి. మ్యాడ్‌లిబ్ బ్రెజిల్ వెళ్లినప్పుడు హోటల్ గదిలో బాస్ ఎస్పీ-303 శాంప్లర్ (పాత పాటల ముక్కలతో బీటు కట్టే యంత్రం), చిన్న టర్న్‌టేబుల్, క్యాసెట్ డెక్‌తో కొన్ని బీట్లు చేశాడు. ఆ ట్రిప్పులో ఉన్న డెమో చేతులు మారి, మ్యాడ్‌విలనీ రావడానికి ఏడాది ముందే నెట్‌లో పడింది. ఇద్దరూ విసిగి పని ఆపేశారు. మళ్లీ కూర్చున్నాక డూమ్ పాత టేకులు అలాగే వదల్లేదు. గొంతు కిందికి దించి, ఉత్సాహం తగ్గించి, బద్ధకంగా ఈడ్చినట్టు మళ్లీ పాడాడు. మనకి దక్కింది ఆ గొంతే. అంత తేడా కోసం మళ్లీ రికార్డు చేసినవాడు, గొంతే లేని షోని కళ అంటే నేను నమ్మను. నాలుగు నెలలు కూర్చోబెట్టి ఒక కుర్రాడికి ఆ పాటలు లైవ్‌గా నేర్పించి పంపి ఉంటే, అప్పుడు డూమ్‌బాట్ అనేవాణ్ని, చప్పట్లు కొట్టేవాణ్ని.

డబ్బు కూడా చూడండి. ఇలాంటి షోలకి మామూలుగా సగం ఫీజు అడ్వాన్సు, మిగతాది షో రోజు. హాలు అద్దె, సౌండ్, సెక్యూరిటీ ప్రమోటర్ నెత్తిన. జనం రిఫండ్ అడిగేది ప్రమోటర్‌నే. 1994లో దెబ్బకొట్టింది పెద్ద కంపెనీ. 2007లో దెబ్బ తగిలింది ఐదొందల మంది పట్టే హాళ్లు నడిపేవాళ్లకి. ప్రతీకారం తప్పుడు అడ్రస్‌కి వెళ్లింది.

ప్రాసపిచ్చోడు

2019 అడల్ట్ స్విమ్ ఫెస్టివల్‌లో కమెడియన్ హానిబల్ బ్యూరెస్ అదే ముసుగేసుకుని ఎక్కాడు. అదీ మోసమేనా?

క్రేట్‌డిగ్గర్

కాదు. అది తనేనని బ్యూరెస్ దాచలేదు, జనం నవ్వుకున్నారు. వేషగాడు వేషం విప్పి చూపిస్తే ఆట. జనం కేకలేస్తుంటే వెనక గుమ్మంలోంచి జారుకుంటే వేరే పేరుంది.

బూమ్‌బాప్_బెజవాడ

రిఫండ్ ఇవ్వాల్సింది, అక్కడిదాకా వస్తాను. కానీ విలన్ చెప్పి మోసం చేస్తే వాడు విలనే కాదు. ఆ చెడ్డపేరు కూడా పాత్రకి ఎరువే అయింది. నా ఓటు మారదు.

లాంగ్‌బీచ్_లచ్చన్న

గొంతు దించి పాడాడు అంటున్నారు, ఆ తేడా వినాలంటే ఎక్కణ్నుంచి మొదలెట్టాలి?

క్రేట్‌డిగ్గర్

ముందు 2003 నాటి ‘వాడెవిల్ విలన్’, విక్టర్ వాన్ పేరుతో చేసింది. కుర్ర పాత్ర, గొంతులో దూకుడు ఉంటుంది. వెంటనే మ్యాడ్‌విలనీలో ‘మీట్ గ్రైండర్’ పెట్టు. తర్వాత లీకైన డెమోలో అదే పాట. హెడ్‌ఫోన్స్‌లో విను. ఫోన్ స్పీకర్లో ఆ గొంతు అడుగు తెలియదు.