రాబర్ ఫ్లైకి తెలుగు మాట కావాలి, 'దొంగ ఈగ' మాత్రం వద్దు

మాది పొదలకూరు దగ్గర పల్లె. మొన్న నిమ్మతోటలో ఎండుపుల్ల మీద నల్లగా, లావుగా తుమ్మెద వాలి ఉంటే ఫోటో తీశాను. దాని కాళ్ల మధ్య ఒక తేనెటీగ చిక్కి ఉంది. మా పెదనాయన వంగి చూసి, "తుమ్మెద ఈగను తింటా ఉండాదేంది అబ్బయా!" అన్నాడు.

ఆయన అనుమానం నిజమే. తుమ్మెద పూలమీద బతికేది, వేటాడదు. ఇంటికొచ్చి ఫోటో పెద్దది చేసి చూశాను. రెక్కలు నాలుగు లేవు, రెండే. వాటి వెనక గుండుసూది తలల్లాంటివి రెండు. అంటే ఇది తుమ్మెద కాదు, ఈగ. ముఖం మీద గుబురుగా బిరుసు వెంట్రుకలు. రెండు పెద్ద కళ్ల మధ్య నడినెత్తి లోపలికి గుంటపడి ఉంది. ఆ గుంట, ఆ మీసం చూస్తే ఇక సందేహం అక్కర్లేదు, అది రాబర్ ఫ్లై. ఏసిలిడే అనే ఈ కుటుంబంలో 7,000కు పైగా జాతులున్నాయి.

వీటిలో తుమ్మెద వేషం వేసేవి హైపరేకియా అనే ప్రజాతివి. మన దేశంలో ఉండే ఒక జాతి పేరు హైపరేకియా జైలోకోపిఫార్మిస్. జైలోకోపా అంటే కట్టె కొట్టేది, అది మన తుమ్మెద ప్రజాతి పేరే. అంటే మొత్తం మాటకు 'తుమ్మెద రూపం కలది' అని అర్థం. దీని పిల్లపురుగులు తుమ్మెద కట్టెలో తొలిచిన బొరియల్లోనే ఉండి, తుమ్మెద పిల్లల్ని తిని పెరుగుతాయి. ఆ వేషం ఎంత లోతుగా పోయిందో చూడండి!

ఇక పేరు సంగతి. 'దొంగ ఈగ' ఇంగ్లీషుకు నకలు. ఇది దేన్నీ దొంగిలించదు. ఎగిరే పురుగును గాలిలోనే పట్టి, ముక్కు గుచ్చి, లాలాజలం ఎక్కిస్తుంది. దాంతో పురుగు చచ్చుబడి లోపలిదంతా కరుగుతుంది. ఆ రసం పీల్చుకుంటుంది.

ఇది చదివి ఒకరు రాసిన జవాబు: మా కనిగిరిలో ఇంట్లోవాళ్లకు ఫోటో చూపిస్తే జోరీగ అన్నారండీ. ఆ మాట సరిపోదా?

నేను చెప్పింది: అదే నాకూ మొదట తట్టింది. కానీ 'చెవిలోని జోరీగ' అని వేమన చెప్పింది జోరుమని చుట్టూ తిరిగి విసిగించే ఈగను. గొడ్ల రక్తం తాగేది అది. రాబర్ ఫ్లై గొడ్ల జోలికి పోదు. అయినా మీ ఇంట్లోవాళ్లు అన్నదాంట్లో వింతేమీ లేదు. జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ 1758లో ఈ ఈగలకు వాడిన ఏసిలస్ అనే పేరు కూడా లాటిన్‌లో పశువుల్ని కుట్టే ఈగదే. అక్కడా ఈ రెండూ కలిసిపోయాయి.

నా మటుకు 'వేటీగ' బాగుంది. వేట, ఈగ కలిసిన మాట. తూనీగ, కందిరీగ, జోరీగల వరసలో చక్కగా కూర్చుంటుంది. నేను చూసినదాన్ని తుమ్మెద వేటీగ అనవచ్చు.

మీ ఊళ్లో గొర్రెలు కాసేవాళ్లకు ఒకసారి ఫోటో చూపించి అడగండి. వాళ్ల నోట వేరే మాట ఉంటే నా వేటీగను పక్కన పెట్టేస్తాను.