హింక్లీ బాన్నెవిల్‌కు మెరిడెన్ వారసత్వం దక్కుతుందా?

ఉప్పునేల:
మిత్రుడొకరు బ్రిటిష్ మోటారు సైకిల్ ట్రయంఫ్ బాన్నెవిల్ టీ100 కొని, "1959 నుంచి వస్తున్న వంశం ఇది" అని మురిసిపోతున్నారు. బండి బాగుంది, కాదనను. ఆ వంశమన్న మాటే నాకు మింగుడుపడలేదు. ఇంగ్లండ్‌లో మెరిడెన్‌లోని పాత ట్రయంఫ్ కంపెనీ 1983లో దివాలా తీసింది. ఇళ్లు కట్టి అమ్మే జాన్ బ్లూర్ ఆ పేరును, హక్కులను కొన్నారు. అక్కడే మరో ఊరు హింక్లీలో కొత్త కర్మాగారం కట్టి 1991లో అమ్మకానికి తెచ్చినవి మూడు, నాలుగు సిలిండర్ల బండ్లు. హింక్లీలో బాన్నెవిల్ తయారైంది 2001లోనే. మెరిడెన్ కర్మాగారం స్థలంలో ఇప్పుడు ఇళ్లున్నాయి. పేరు కొన్నంత మాత్రాన వారసులవుతారా?

రెండు పిస్టన్లు:
ఇంజన్ సంగతి చూద్దాం. ట్రయంఫ్ డిజైనర్ ఎడ్వర్డ్ టర్నర్ రూపొందించిన 1937 నాటి స్పీడ్ ట్విన్‌లో రెండు పిస్టన్లూ జంటగా లేచి జంటగా దిగుతాయి. క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) ఒక పూర్తి చుట్టు తిరిగినప్పుడల్లా ఏదో ఒక సిలిండర్ మండుతుంది. అందుకే ఆ సమగతి చప్పుడు. 2001 నాటి 790 సీసీ బాన్నెవిల్ ఈ పద్ధతినే పాటించింది. 2016 నుంచి వచ్చిన 900, 1200 సీసీ ఇంజన్లలో క్రాంకు 270 డిగ్రీలకు మారింది, అంటే పిస్టన్లు ఇక జంటగా కదలవు. మంటల మధ్య ఎడం ఇప్పుడు సమానంగా ఉండదు, చప్పుడు రెండు సిలిండర్లు వీ ఆకారంలో ఉండే వీ-ట్విన్ ఇంజన్‌ను తలపిస్తుంది. నడపడానికి నాకు ఇదే ఇష్టం. నచ్చనిది పైతొడుగు. నీటితో చల్లబడే ఇంజన్‌కు గాలితో చల్లబడే పాతకాలపు ఇంజన్ల రెక్కలెందుకు? ఇంధన ఇంజెక్షన్‌కు కార్బురేటర్ ఆకారమెందుకు? ఇంత మంచి ఇంజన్‌కు మారువేషం అక్కరలేదు.

బులెట్ అభిమాని:
తెగకుండా సాగడమే వారసత్వమైతే రాయల్ ఎన్‌ఫీల్డ్‌దే పైచేయి. ఇంగ్లండ్‌లోని రెడిచ్‌లో పని ఆగిపోయినా, 1955లో మద్రాసులో మొదలైన తయారీ ఆగలేదు. 2018లో వచ్చిన ఇంటర్‌సెప్టర్ 650 చెన్నై దగ్గరే తయారవుతోంది.

లెస్టర్ ప్రవాసి:
ఉప్పునేల గారూ, మీ కొలబద్ద పెడితే మెరిడెన్ కూడా నిలవదు. ట్రయంఫ్ స్థాపకుడు సీగ్‌ఫ్రీడ్ బెట్‌మన్ న్యూరెంబర్గ్ నుంచి వచ్చిన జర్మన్. 1902లో చేసిన తొలి మోటారు సైకిల్‌కు బిగించింది బెల్జియం మినర్వా ఇంజన్. 1940 నవంబరులో కొవెంట్రీ కర్మాగారం బాంబులకు నేలమట్టమైతేనే 1942లో మెరిడెన్‌కు మారారు. 1951లో కంపెనీ మరో బ్రిటిష్ కంపెనీ బీఎస్‌ఏ చేతికి వెళ్లింది. బాన్నెవిల్ అన్న పేరు కూడా అమెరికాదే. 1956లో యూటాలోని బాన్నెవిల్ ఉప్పు మైదానంలో జానీ అలెన్ ట్రయంఫ్ ఇంజన్‌తో గంటకు 214 మైళ్ల వేగం అందుకున్నారు. అంతర్జాతీయ మోటారు సైకిల్ సమాఖ్య ఆ రికార్డును ఒప్పుకోలేదు, అయినా పేరు నిలిచింది. యజమాని, ఊరు, ఇంజన్ ఇన్నిసార్లు మారినా ట్రయంఫ్ ట్రయంఫే అయినప్పుడు, ఒక్క హింక్లీనే ఎందుకు వెలివేయాలి?

ఉప్పునేల:
వాటన్నిటిలో మనుషులు కొనసాగారండీ. నాకు ముఖ్యం అది. 1973లో మెరిడెన్ మూసేస్తామంటే కార్మికులు గేట్లు వేసి లోపలే బైఠాయించారు. 1975 నుంచి సహకార సంఘంగా ఏర్పడి, చేతిలో డబ్బు లేకపోయినా బాన్నెవిల్‌ను 1983 దాకా తామే తయారుచేశారు. తెగింది ఆ దారం.

లెస్టర్ ప్రవాసి:
పూర్తిగా తెగలేదు. బ్లూర్ ఇచ్చిన లైసెన్సుతో లెస్ హారిస్ డెవన్‌లో 1985 నుంచి 1988 దాకా పాత బాన్నెవిల్‌నే తయారుచేశారు. కొత్త బండ్ల రూపకల్పనకు పాత కంపెనీ డిజైనర్లు కొందరిని బ్లూర్ పనిలోకి తీసుకున్నారు. మీరన్న ఆ ఇళ్ల మధ్య ఒక వీధికి బాన్నెవిల్ క్లోజ్ అనే పేరుంది.

ఉప్పునేల:
పాత డిజైనర్ల సంగతి నాకు తెలియదు, చెప్పినందుకు కృతజ్ఞతలు. వంశమన్న మాట వెనక్కి తీసుకోమని మిత్రుణ్ని ఇక అడగను. ఆ వంశం చెప్పేటప్పుడు సహకార సంఘం నడిపిన ఎనిమిదేళ్లను కూడా కలిపి చెప్పమంటాను.